తొందర నోరు చేసిన మేలు

ఈ సభను నడిపిస్తున్న ఆసుపత్రి డైరెక్టరు గారికి, నాకంటే పెద్దవాళ్లు ఈ హాల్లో ఎవరైనా మిగిలి ఉంటే వారికి, తక్కిన అందరికీ వంగి నమస్కరిస్తున్నాను. వెనక వరుసలో కబుర్లు ఆపాలి. లెక్కల టీచరుగా పనిచేసినదాన్ని, నాకు వినిపిస్తుంది. (నవ్వులు)

ఈ రోజు పదవీ విరమణ చేస్తున్న డాక్టర్ నమ్ యోంగ్‌హీ గారి దగ్గరికి మా మనవడు దోహ్యోన్‌ని తాగుడు మాన్పించమని తీసుకొచ్చింది నేనే. "వీడికి పట్టుదల లేదండీ, ఒట్టు వేయించండి" అన్నాను. ఆవిడ నావైపు చూడనేలేదు. "నీకేం కావాలి, బాబూ?" అని వాణ్నే అడిగారు. ప్రశ్న పూర్తికాకముందే వాడు, "తాతయ్య తద్దినంలో చెయ్యి వణక్కుండా నైవేద్యపు గిన్నె పట్టుకోవాలి" అన్నాడు. ఇంట్లో ఎవరికీ తెలియని కోరిక అది.

తాగుడుతో పాటు వాడికి ఏడీహెచ్‌డీ, అంటే మనసు ఒకచోట నిలవని ఇబ్బంది, ఉందని తేల్చింది ఆవిడే. మానాలన్న కోరిక వాడికి గట్టిగానే పుడుతుందనీ, దాన్ని పట్టి ఉంచే కుదురే లేదనీ, ఆ కుదురుకు వేరే వైద్యం ఉందనీ నాకు విడమరిచి చెప్పారు. వాడితో మాత్రం, "నీ చెయ్యీ నోరూ రెండూ ఆలోచనకంటే ముందే పరుగెడతాయి. నోటినే గెలవనివ్వు, చెయ్యి అందుకునేలోపే ఉన్నమాట అనేసెయ్" అన్నారు.

మా ఇళ్లల్లో తద్దినం అయ్యాక పితృదేవతలకు పెట్టిన బియ్యపు సారా అందరూ పుచ్చుకోవాలి. పెద్దవాళ్లు పోస్తే అసలే కాదనకూడదు. పోయిన శరత్కాలంలో మా మరిది ప్యాంగ్‌సు గిన్నె నింపి వాడి ముందు చాపాడు.

"పట్టరా! మీ తాత ప్రసాదం. ఒక్క గుక్కకే కొంప మునుగుతుందా?"

వాడి రెండు చేతులూ అప్పటికే లేచాయి. అంతలో వాడు వీధంతా వినబడేలా అరిచాడు: "చిన్నతాతా, నేను తాగుబోతుని! గుక్కతో ఆగను, సీసా కూడా నాకేస్తా!"

పూజ దగ్గర అలాంటి కేక మా వంశంలో ఎవరూ వేయలేదు. (నవ్వులు)

"మర్యాద తెలీదు వెధవకి" అని ప్యాంగ్‌సు గొణిగాడు.

"మర్యాద సంగతి నేను చూసుకుంటాలే, ఆ గిన్నె ఇటివ్వు" అన్నాను. ఆ సారా నేనే తాగేసి, (నవ్వులు) గిన్నె నిండా తియ్యటి అన్నపు పానకం పోసి వాడికిచ్చాను. వాడి చెయ్యి కొంచెం వణికింది. వణకనీ.

డాక్టరమ్మా, పొగడటం నాకు చేతకాదు. మీరు మావాడి తత్వాన్ని మార్చలేదు. ఉన్న తత్వంతోనే బతకడం నేర్పారు. ఈ ముసలిదాని కృతజ్ఞత మీకు ఎప్పటికీ ఉంటుంది.

రేపటి నుంచి మీరు ఉండరని వాడికి దిగులు పట్టుకుంది. "కొత్తాయన నా వాగుడు వింటాడా, నాయనమ్మా?" అంటూ లోపలికి రాకుండా బయట మెట్ల మీద కూర్చున్నాడు. కొత్త డాక్టరు గారూ, భోజనం తర్వాత చేయొచ్చు, ముందు వెళ్లి వాడి పక్కన కూర్చోండి. ఏమీ అడగక్కర్లేదు. వాడే మొదలుపెడతాడు.

ఓపికగా విన్నవారందరికీ ధన్యవాదాలు. సెలవు.