సీటెక్కడైతే ఏంటి మిస్?

సారీయా? నేను చెప్పాలా? ఎందుకు చెప్పాలండీ నరేంద్ర గారూ?

వద్దు, కూర్చోను. నిలబడే మాట్లాడతా. ఫ్యాన్ పెంచక్కర్లేదు, ఉక్కపోసి కాదు నాకీ చెమట. ఒళ్ళు మండిపోతోంది.

రెండేళ్ళ నుంచి జగ్గయ్యపేటలో తొలి బస్సెక్కి నందిగామ వస్తున్నా. మీ ట్యూషన్ సెంటర్లో ఆ కంప్యూటర్ ముందు కూర్చుని అమెరికాలో ఉన్న పిల్లలకి హిస్టరీ చెప్తున్నా. ఒక్క రోజు లేటుగా వచ్చానా? ఒక్క పేరెంట్ నా మీద నోరెత్తారా? ఇవాళ డాలస్ నుంచి దీప్తి గారు ఒక్క ఫోన్ చేసేసరికి నేను పిల్లల బుర్రలు పాడుచేసేదాన్ని అయిపోయానా?

ఏంటీ? పుస్తకంలో ఉన్నది చెప్పాలా? ఉన్నదే చెప్పానండీ!

వాళ్ళమ్మాయి యశస్విని పదకొండో క్లాసు. శుక్రవారం అమెరికా హిస్టరీ పరీక్ష. ఇటుకంత పుస్తకం. తేదీలు గడగడా అప్పజెప్తుంది. ప్రెసిడెంట్ల పేర్లు ఊపిరి తీసుకోకుండా చెప్తుంది. ఇది ఎందుకు జరిగిందమ్మా అంటే మాత్రం బిక్కమొహం వేస్తుంది. వాళ్ళ పరీక్షలో అదే అడుగుతారు మరి. ఎందుకు జరిగిందో వివరించి రాయమంటారు.

పోయిన వారం అలబామా పాఠానికొచ్చాం. అక్కడ నల్లజాతి వాళ్ళని బస్సులో వెనక కూర్చోమనేవాళ్ళు. తెల్లవాళ్ళ కోసం సీట్లోంచి లేవనన్న ఒకావిణ్ణి అరెస్ట్ చేశారు. దాంతో నల్లజాతి వాళ్ళంతా ఏడాది పైన బస్సులెక్కడం మానేసి, నడిచి పనులకెళ్ళారు. ఇదీ పాఠం. నేను చెప్తుంటే ఆ పిల్ల పెన్ను నోట్లో పెట్టుకుని, "సీటెక్కడైతే ఏంటి మిస్? బస్సు ఎలాగూ ఇంటికి తీసుకెళ్తుంది కదా?" అంది.

పొగరుగా కాదండీ. నిజంగా తెలియకే అడిగింది. తాగే నీళ్ళకి కూడా కుళాయిలు వేరమ్మా అన్నా. "రెండిట్లోనూ అవే నీళ్ళు వచ్చేవా?" అంది. అవే అన్నా. "మరి ప్రాబ్లమేంటి?" అంది.

చెప్పండి, నేనేం చేయాలి? అర్థం కాకపోయినా బట్టీ పట్టెయ్, మార్కులొస్తాయి అనాలా?

అందుకే మా అమ్మ సంగతి చెప్పా.

ఊరి పేరెత్తలేదు, మనుషుల పేర్లెత్తలేదు. వత్సవాయి అవతల మా ఊళ్ళో ఒక ఆసామి ఇంటికి మా అమ్మ మిరప కోతకీ, పత్తి తీతకీ వెళ్ళేది. వాళ్ళింట్లో అమ్మకి టీ తాగడానికి వేరే సత్తు గ్లాసు. గొడ్లచావిడి చూరులో దోపి ఉండేది. తనే తీసుకుని పట్టుకుంటే పైనుంచి పోసేవాళ్ళు. తాగాక తనే కడిగి మళ్ళీ చూరులో దోపాలి.

నేను ఒకటో క్లాసులో ఉన్నప్పుడు ఎండాకాలం ఒకరోజు అమ్మతో వెళ్ళా. దాహమేసి, అరుగు మీదున్న బిందెలో చెంబు ముంచా. ఇంటావిడ కేకేసి బిందెడు నీళ్ళూ వాకిట్లో కుమ్మరించింది. అప్పుడు మా అమ్మ నన్ను కొట్టింది. ఆవిడ కాదండీ, మా అమ్మే! వాళ్ళు కొట్టకముందే తను కొట్టేసింది.

అంతే చెప్పా. ఎవర్నీ తిట్టలేదు. కులం పేరు తీయలేదు. నీళ్ళు అవేనమ్మా అని క్లాసు ముగించా.

మర్నాడు రాసి పంపింది చూడండీ ఆన్సరు! మీరు చదివారా? చదివుండరు. "వాళ్ళు సీటు కోసం నడవలేదు. తమ పిల్లలు వెనక్కి జరగడం నేర్చుకోకూడదని నడిచారు" అని రాసింది. నేను చెప్పిన మాట కాదది. తనంతట తనే ఆలోచించి రాసింది. టీచరుకి ఇంకేం కావాలండీ?

ఆ... ఆ తర్వాతదే కదా దీప్తి గారి కోపం. వాళ్ళ మామగారు జగన్నాథరావు గారు జనవరి నుంచి అక్కడే ఉన్నారు. భోజనాల దగ్గర పిల్ల ఆయన్ని అడిగిందట, "తాతయ్యా, ఊళ్ళో మనింట్లో కూడా అలాంటి గ్లాసుండేదా?" అని. అప్పట్లో అందరిళ్ళల్లో ఉండేదమ్మా అన్నారట. పిల్ల ఊరుకుంటేగా! "దాంట్లో తాగినావిడ పేరేంటి?" అంది. గుర్తులేదమ్మా అన్నారట. అన్నం ముందు నుంచి లేచిపోయారు.

పెద్దాయన ఒక పూట తినలేదని నేను సారీ చెప్పాలి! బాగుందండీ న్యాయం.

విషం ఎక్కిస్తున్నానా? ఆ మాటన్నది దీప్తి గారా, మీరా? అలబామా గురించి చెప్పినన్నాళ్ళూ నేను మంచి టీచర్ని. వత్సవాయి దాకా వచ్చేసరికి విషమైపోయింది!

సర్దుకుపోండి మెర్లిన్ గారూ, సర్దుకుపోండి మెర్లిన్ గారూ... ఎంతకని సర్దుకుపోవాలి? వాళ్ళ ఫ్రెండ్స్ పిల్లలు కూడా మానేస్తారని మీ భయం. నాకు తెలీదా? నాకు మాత్రం ఈ ఉద్యోగం అక్కర్లేదా?

ఏంటీ? ఆ ఆసామి ఎవరా? జగన్నాథరావు గారేనా అని అడుగుతున్నారా?

ఆయనే.

తెలుసండీ. ముందే తెలుసు. డాలస్ వెళ్ళిన కొత్తలో ఒకరోజు క్లాసు మధ్యలో వచ్చి మనవరాలి వెనక కూర్చున్నారు. చూడగానే పోల్చుకున్నా. బిందె కుమ్మరించిన రోజు, మంచం మీద పేపర్ చదువుకుంటూ, తల కూడా ఎత్తకుండా "పిల్లని అదుపులో పెట్టుకోవే" అన్నది ఆయనే. నన్ను ఆయన పోల్చుకోలేదు. "బాగా చెప్తున్నారు మేడమ్, మీదే ఊరు?" అన్నారు. జగ్గయ్యపేటండీ అన్నా.

ఇంకోటి చెప్పనా? ఆయన నన్ను మీరు అన్నందుకు, మేడమ్ అన్నందుకు, ఆ రోజంతా సంతోషంగా తిరిగా. సిగ్గులేకుండా! ఇంటికెళ్ళి అద్దంలో చూసుకున్నాక ఏడుపొచ్చింది.

పిల్ల అడిగినప్పుడు వేరే ఎవరిదైనా చెప్పొచ్చు. మా కాలనీలో ఇలాంటి కథ ఇంటికొకటి ఉంది. అయినా ఆ ఇంటి సంగతే చెప్పా. వెళ్ళి తాతని అడుగుతుందని కూడా తెలుసు. అడగాలనే చెప్పా. అయిపోయిందా?

అదిగో, మోగుతోంది. దీప్తి గారేగా? ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని ఉంటారు, నా సారీ వినడానికి. ఇటివ్వండి. ఇవ్వండంటున్నానా!

హలో. ఆ, మెర్లిన్‌నేనండీ. ఫోను మామగారికివ్వండి... నమస్కారమండీ జగన్నాథరావు గారూ. మీ మనవరాలు అడిగిన పేరు మీకు గుర్తు రాలేదటగా? కరుణమ్మండీ. మా అమ్మ. పోయి ఆరేళ్ళయింది.

హలో?

పెట్టేశారు.

పిల్లకింకా రెండు పాఠాలు మిగిలాయి నరేంద్ర గారూ. ఎవరితో చెప్పించుకుంటారో మీ ఇష్టం.