పళ్ళ డాక్టరు బిగించిన తలుపు

అదిగో, మళ్ళీ వేలాడుతోంది చూడు. పై బందు ఊడి ఎలా ఒరిగిపోయిందో. నిన్న సాయంత్రం ఏమన్నావు డాక్టరు బాబూ? "పిన్నిగారూ, ఇక ఈ తలుపు జన్మలో కదలదు" అన్నావా లేదా? తెల్లారేసరికి కదిలింది మరి.

నాకేం కోపం లేదు. పళ్ళు పీకేవాడి చేతికి తలుపిస్తే ఇలాగే ఉంటుందని ముందే అనుకున్నాను. ఆ రంగుడబ్బా బోర్లించి కూర్చో. బస్సెక్కడికీ పోదు, మీ లీడరమ్మ ఇంకా పారలు కడిగిస్తోంది. అయిదు నిమిషాలు ఆలస్యమైతే కొంపేం మునగదు. మునగాల్సింది మునిగి నెలన్నర అయింది.

మొదటిరోజు గుర్తుందా? వరద సాయానికని వచ్చిన మీవాళ్ళంతా నా ఇంట్లో మోకాలెత్తు బురద ఎత్తిపోస్తుంటే, నువ్వు గుమ్మాన్ని వేలితో టకటక కొట్టి, "కాస్త కదులుతోంది గానీ పీకక్కర్లేదు, నిలబెట్టొచ్చు" అన్నావు. నవ్వాపుకోలేక వంటింట్లోకి పోయాను. స్క్రూకి చిల్లు పెట్టి దూదితో తుడిచినవాణ్ణి నిన్నే చూశాను నాయనా. కింది బందు కనపడకపోతే జేబులోంచి ఆ బుల్లి అద్దం తీశావు చూడు, అప్పుడు మాత్రం చాటుగా కాదు, నీ ఎదుటే నవ్వేశాను.

నీకంటే మీ లెక్కల టీచరమ్మ ఏం తక్కువ తిందని? కిటికీకి రంగేస్తూ రెక్కల్ని గడియతో సహా అతికించేసింది. ఆవిణ్ణి ఎవరూ ఏమీ అనలేదు. నిన్నే పట్టుకుని 'కదిలే పన్ను' అని పేరు పెట్టారు. పదకొండిళ్ళవాళ్ళు 'పని పూర్తయింది' అని సంతకం పెట్టేశారు, నా ఒక్కదాని కాగితమే ఖాళీగా ఉంది. అన్నాల దగ్గర వాళ్ళు నవ్వుతుంటే నువ్వూ నవ్వావు. ఆ నవ్వు నేను చూశాను.

మళ్ళీ ఏడాది రానన్నావుట కదా? "నా చేతులు ఇలాంటివాటికి పనికిరావు" అన్నావుట. లీడరమ్మ చెప్పింది. రాత్రి, ఇళ్ళు మునిగినవాళ్ళకి చోటిచ్చిన ఆ బడిలో పడుకున్నానన్న మాటే గానీ కన్ను మూతపడలేదు.

ఇదిగో, ఈ డబ్బా తెరువు. దారం బాబిన్లు కాదు, వాటి కింద చూడు.

ఆఁ, స్క్రూలే. పదహారు. నాలుగుసార్లు, నాలుగేసి చొప్పున. ఊడిన స్క్రూ ఒక్కటైనా నేలమీద దొరకదేమిటా అని నీకు అనుమానం రావద్దూ? మంచివాడివి, రాలేదు.

మీరు సాయంత్రం పోగానే, నేను బడికి పోయేముందు, కుట్టుమిషనుతో వచ్చిన స్క్రూడ్రైవరుతో తీసేశాను. నీకు పని రాదని మాత్రం అనుకోకు. ఎంత గట్టిగా బిగించావో ఇదిగో, ఈ అరచెయ్యి చూడు. బొబ్బ మీద బొబ్బ.

ఎందుకంటే ఏం చెప్పను?

వరదొచ్చిన రోజు మధ్యాహ్నం చొక్కాకి గుండీలు కుడుతున్నాను. గుమ్మం కిందనుంచి నీళ్ళొచ్చాయి. లేచి తలుపు లాగితే రాలేదు. వారం రోజుల వానకి నాని బిగుసుకుపోయింది. రెండు చేతులతో లాగాను, కాలు గోడకి తన్నిపెట్టి లాగాను. కిటికీకేమో ఊచలు. మిషను బల్లెక్కి నిలబడితే అక్కడికీ నడుము దాకా వచ్చాయి. ఎదురింటి డ్రైవరు గొడ్డలి తెచ్చి పగలగొట్టేదాకా, మూడు గంటలో నాలుగు గంటలో, ఆ తలుపునే చూస్తూ ఉన్నాను.

ఇప్పుడు నువ్వొచ్చి కొత్తది బిగించావు. మూసి, మురిసిపోతూ, "చూడండి పిన్నిగారూ, గాలి కూడా దూరదు" అన్నావు. ఆ కాగితం మీద సంతకం పెడితే బడిలో నా చాప ఇంకొకరికిచ్చేస్తారు. ఇవాళ్టి నుంచి ఆ తలుపేసుకుని ఒక్కదాన్నే ఉండాలి.

యాభై ఏడేళ్ళదాన్ని, తలుపంటే భయమని ఎవరితో చెప్పుకోను? నీకు పని రాదని చెప్పడం తేలిక. అదే చేశాను. తప్పే, ఒప్పుకుంటున్నాను.

ఊఁ, లే. బిగించు. గట్టిగానే బిగించు, మొహమాటపడకు. హారను కొడితే కొట్టనీ.

అయిందా? ఆ కాగితం బయట అరుగు మీద పెట్టు. నేను లోపలుంటాను. నువ్వు బయటికెళ్ళి తలుపు దగ్గరికి లాగెయ్. గడియ నేనే వేసుకుంటాను. పిలవకు, తొయ్యకు, ధైర్యం చెప్పకు, ఊరికే నిలబడు. గడియ తీసి నా అంతట నేనొస్తే సంతకం పెడతాను. బస్సెక్కి మీవాళ్ళందరి ముందూ, స్క్రూలు తీసింది నేనేనని చెప్తాను.

రాకపోతే, గొడ్డలి ఆ మెట్ల పక్కనే ఉంది. పీకెయ్ నాయనా. అదెలాగూ నీకు వచ్చిన పనే కదా.