నిన్నటి ముక్క

కాఫీ వద్దక్కా. అసలీ చీటీలెవరు అంటించమన్నారు మిమ్మల్ని? పొయ్యి దగ్గరొకటి, తలుపు మీదొకటి, స్కూటర్ తాళం పక్కనొకటి. ‘గ్యాస్ ఆపాలి’, ‘గొళ్ళెం వెయ్యాలి’ అని. మీ ఆయన యాభై ఏడేళ్ళ మనిషి, ఇంజనీరు, ఆయన ఇంట్లో ఆయనకే ఇలా రాసి పెడతారా?

ఏంటీ, ఆయనే రాసుకున్నారా?

అది తెలియక మీ మీదకెగిరాను. ఏమీ అనుకోకండి.

మరి సోమవారం నుంచి మాత్రలట కదా. ఆ డాక్టరు ఈయన్ని చూసి రాశాడా, ఈయన చెప్పింది విని రాశాడా? ఊ, అదే అనుకున్నాను. ‘నాకు మతి తప్పుతోంది డాక్టర్’ అని శివజ్ఞానం సారంతటి మనిషి తనంతట తానే వెళ్ళి చెప్పుకుంటే, ఎవరైనా నమ్ముతారు.

అక్కా, ఆయన మతికేం కాలేదు. ఆ మాట చెప్పడానికే బస్సెక్కి వచ్చాను.

మోటార్ల గొడవ మీకు తెలుసుగా. మేం చేసే కంట్రోల్ పెట్టె పనల్లా బావిలో నీళ్ళయిపోతే మోటార్ని ఆపడం. కరెంటు మందగించినప్పుడు అది ఆపట్లేదని సారే కనిపెట్టారు. ప్రోగ్రాంలో సరిచేశారు. ‘నా బల్ల మీద మోటారు పెట్టి కళ్ళారా చూశాను, ఆగుతోంది’ అన్నారు. పెట్టెలు పంపించేశాం. నెల తిరక్కుండా పొల్లాచ్చి కొబ్బరితోటల నుంచి అరవైమూడు మోటార్లు కాలిపోయి టెంపోలో వెనక్కొచ్చాయి.

కంపెనీ ముదలాళి అందర్నీ పిలిచాడు. ‘ఏమయ్యా శివజ్ఞానం, సరిచేశానని నోటితో అనడమేనా, చేత్తో చేసేదేమన్నా ఉందా?’ అన్నాడు. సార్ ఫైల్ తెరిచి చూపించారు. సరిచేసిన లైన్లు ఉన్నాయందులో. ‘ఇవి నిన్న పెట్టావు’ అన్నాడాయన. కొత్త కంప్యూటర్లోకి ఎక్కించినప్పుడు ఫైళ్ళ తేదీలన్నీ మారిపోయాయి, కాదని చెప్పడానికి ఏ ఆధారమూ లేదు. సార్ ఆ లైన్లు పైనుంచి మళ్ళీ చదువుకున్నారు. ‘ముందే పెట్టినట్టు గుర్తు సార్. కానీ మోటార్లు కాలాయి కదా. నా గుర్తే తప్పేమో’ అన్నారు.

పాతికేళ్ళలో ఆయన నోట అబద్ధం విన్నవాళ్ళు లేరు. అందుకే ఆయనకి తను అబద్ధమాడానని తోచలేదు, మతి పోయిందని తోచింది. వారంలో రాజీనామా ఇచ్చేశారు.

నేను ఆయన పక్క కుర్చీలోనే ఉన్నానక్కా.

లేదు, అప్పటికి నాకూ తెలీదు. ఒట్టు. పూర్తిగా వినండి, మీకర్థమయ్యేలా చెప్తాను.

మా ప్రోగ్రాం పదకొండు ముక్కలు. ఒక్కో ముక్కనీ మిషన్‌కి తెలిసే భాషలోకి మార్చాలి. దాన్ని కంపైల్ చెయ్యడం అంటాం. తర్వాత అన్నిట్నీ కలిపి కుట్టాలి, అది లింక్. సార్ ఆ పనంతా నల్లతెర మీద చేత్తో టైప్ చేసేవారు. ఒక ముక్క, ఎంటర్, కళ్ళద్దాలు పైకి తోసుకుని జవాబు చదవడం, ఇంకో ముక్క. ఇరవై నిమిషాలు. పక్కన కూర్చుంటే నాకు ఆవలింతలు.

నేను పైథాన్‌లో నలభై లైన్ల స్క్రిప్టు రాసి పెట్టాను. ఒక్క మాట టైప్ చేస్తే పదకొండూ అవే కంపైలై, అవే లింకై, చివర్న పచ్చరంగులో ‘అయిపోయింది’ అని వస్తుంది. ముదలాళి ఆఫీసంతటికీ మైసూర్‌పా పంచాడు. ‘చూడండ్రా, కయల్ బుర్రంటే బుర్ర’ అన్నాడు. నాకు ఒళ్ళు తెలియలేదు.

ముదలాళికి చూపించే రోజున తెర మీద చెత్త కనపడకూడదని కంపైలర్ చెప్పే సణుగుడంతా తీసుకెళ్ళి ఓ ఫైల్లో పడేలా చేశాను. దాన్నెవరూ తెరవరు. నేనూ తెరవలేదు. ఇంకొక్క లైను రాయాలి. ఏ ముక్కైనా కంపైల్ కాకపోతే అక్కడే ఆగిపొమ్మని. అది రాయలేదు.

రాయకపోతే ఏమవుతుందంటారా? మీరు విందుకి పదకొండు రకాలు వండుతున్నారనుకోండి. ఒక కూర మాడింది. వడ్డించేవాళ్ళు మీకో మాటైనా చెప్పకుండా, మూలనున్న నిన్నటి కూర తీసి ఆకులో వేసేశారు. ఆకు నిండుగానే ఉంది, పదకొండూ ఉన్నాయి. నా స్క్రిప్టు చేసిందదే. సార్ సరిచేసిన ముక్క కంపైల్ కాలేదు. సరిచెయ్యని నిన్నటి ముక్క అక్కడే పడుంది. దాన్నే కుట్టేసి ‘అయిపోయింది’ అంది. పంపిన పెట్టెల్లోకి ఎక్కింది అదే.

ఆయన తప్పు రాశారా? లేదక్కా, అక్షరం తప్పు లేదు. ఆయన ముక్కకి కావలసిన ఫైలొకదాన్ని ఆ మధ్యాహ్నమే నేను వేరే ఫోల్డర్లోకి జరిపాను. సర్దుతున్నాను కదా, చాదస్తం. సార్ బల్ల మీది కంప్యూటర్లో పాత ఫోల్డరే ఉంది, చేత్తోనే చేసుకున్నారు, అందుకే అక్కడ మోటారు ఆగింది. ఆయన కళ్ళారా చూశానన్నది నిజంగా చూశారు.

సార్ వెళ్ళిపోయిన మూడు వారాలకి ఇంకో ముక్క అలాగే మొరాయించింది. అప్పుడు తెరిచాను ఆ సణుగుడు ఫైలు. పైకి జరుపుతూ పోతే ఆ తేదీ. సార్ ముక్క పేరు, కావలసిన ఫైలు దొరకలేదని ఒక లైను. దాని కిందే ‘అయిపోయింది’.

అవును, ఐదు నెలలైంది. ఐదు నెలలు నోరు మూసుకునే ఉన్నాను. ముందు ఉద్యోగం పోతుందని భయం. తర్వాత, ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదంటారని భయం. ఈలోపు సార్ కుర్చీ నాకిచ్చారు. కూర్చున్నాను. తిట్టండక్కా.

ఆయనకా? చెప్పేశాను. రేస్ కోర్స్ రోడ్డులో నడకకొస్తారని తెలుసు కదా, పొద్దున్నే వెళ్ళి ఇదంతా చెప్పాను. అంతా విని నా తలమీద చెయ్యి వేశారు. ‘నా కోసం ఇంత కథ అల్లావా కయలూ? నువ్వంత అజాగ్రత్తగా రాసే పిల్లవా? నీ స్క్రిప్టు మొదలెట్టిన రోజు టీకొట్టు దగ్గర అడిగాను నిన్ను. ఏదైనా ముక్క తప్పితే ఆగుతుందా అమ్మా అని. ఆగుతుంది సార్, చూసే రాశాను అన్నావు. చేతిలో బజ్జీ కూడా ఉంది నీకు’ అన్నారు.

బజ్జీతో సహా గుర్తుందక్కా ఆయనకి. మతిమరుపట.

నేనలాగే అన్నాను. చూడలేదు. మళ్ళీ తెరవడానికి బద్ధకమేసి అన్నాను.

‘అబద్ధాలతో ఓదార్చకమ్మా, మాత్రలతో నేనే సర్దుకుంటాను’ అని లేచి వెళ్ళిపోయారు.

ఏది? ఆ ఫైలా? చూపిస్తే ఆయన నమ్ముతారు, మీరన్నది నిజమే. ఆ ఒక్క లైను చూస్తే చాలు, ఇంకెవరూ ఏమీ చెప్పక్కర్లేదు ఆయనకి.

లేదక్కా. కనిపించిన రోజే తీసేశాను. రెండుసార్లు చదివి, తలుపు వేసొచ్చి, తీసేశాను. ఎక్కడా కాపీ లేదు, వెతికాను.

ఆయన నన్ను నమ్మకపోవడమేంటి, నమ్మారు. టీకొట్టు దగ్గర చెప్పిందాన్ని నమ్మారు. ఇంకేం చెప్పి మార్చను.