మీసం మీది నిమ్మకాయ

మిర్యాలగూడ నుంచి కోదాడ పోయే బస్సులో, ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకున్న మనుమరాలికీ పక్కనున్న తాతకూ మధ్య నడిచిన మాటలివి.

“మా పెండ్లి ఫోటో గిదొక్కటే, బిడ్డా. మీ నానమ్మ మొఖం మళ్ల సూస్తనా?”

“ఫైల్ పాడైంది తాతా, రంగుల అంకెలే మిగిలినయి. అంకెకో చుక్క చొప్పున స్మాల్‌టాక్ అనే కంప్యూటర్ భాషల వరుసలు పేరుస్తున్న.”

“అయ్యో, బొమ్మంత వంకరగ జారిపోయిందేందే?”

“వరుసకు ఒక చుక్క తక్కువ పెట్టిన. ఇగో, సరిచేసిన.”

“ఆఁ, అదే మొఖం! పెండ్లినాడే నా మీద కోపం.”

“మరి నీ మీసమేది? దాని మీద నిమ్మకాయ నిలబెట్టేటోణ్ణంటివి గదా!”

“నిమ్మకాయ సూడు, నా చేతిల కత్తికి గుచ్చి ఉన్నది.”

“మీసం తాతా, మీసం!”

“నిమ్మకాయ బరువుకే ఊడింది, బిడ్డా. జర నానమ్మను పెద్దగ చెయ్యి.”