ఆవిరి బిడ్డకి రేవులో చోటు

నూకాలు బిడ్డ గంగులు, పద్దెనిమిదో ఏట, చాకిరేవులో నిలబడి అందంట, "అమ్మా, నేను మగా కాదు, ఆడా కాదు. ఆవిరిని" అని. నూకాలు చేతిలో తడిగుడ్డ జారిపోయింది. "ఆవిరేంటే? ఆవిరేంట్రా?" అని రెండు రకాలుగానూ అడిగిందంట పాపం. "నిప్పూ నీళ్ళూ కలిస్తే వచ్చేది. అందులో ఒక్కటే అనమంటే నా వల్ల కాదమ్మా." నూకాలు కూలబడింది. తల్లి కదా, కూలబడక ఏం చేస్తది.

రేవులో బట్టలకి ఉబ్బ పెడతారు కదా, ఆ ఉబ్బంటే మీలో చిన్నోళ్ళకి తెలీదనుకో. పెద్ద బానలో నీళ్ళు పోసి, మీద చౌడుమట్టి నీళ్ళలో తడిపిన బట్టలు గుట్టగా పేర్చి, కింద మంట పెడతారు. ఆవిరి పైకెక్కి మురికి వదిలిస్తది. ఆ రేవు కట్టుబాటు ఏంటంటే, మంట మగోళ్ళది, నీళ్ళు ఆడోళ్ళవి. ఒకళ్ళ పని ఒకళ్ళు ముట్టరు. మరి గంగులు ఎటు? రేవుపెద్ద అప్పలసూరి, "అటో ఇటో నిలబడు, లేదా రేవు వదిలిపో" అన్నాడంట. "మధ్యలో నిలబడతా పెదనాన్నా, ఆవిరి చూసుకుంటా." "ఆవిరిని చూసుకునేదేంటి? అదే వస్తది, అదే పోతది!" అందరూ నవ్వారంట. నూకాలు నవ్వలా. రేవు పోతే బిడ్డ పోయినట్టే, ఇంకే ఊరు చోటిస్తది? "మునసబుగారింటి పెళ్ళిబట్టలు అయ్యేదాకా ఆగు బావా" అని కాళ్ళు పట్టుకుంది. సరే, అందాకా గట్టు మీద కూర్చోమను, దేన్నీ ముట్టకూడదు అన్నాడంట.

ఏమైందంటే, పెళ్ళిబట్టల రోజు మగోళ్ళు పంతం మీదున్నారు. తాము అసలు సిసలు మగోళ్ళమని చూపించుకోవాలి కదా, కట్టె మీద కట్టె. ఆడోళ్ళు మాత్రం తక్కువా, కడవ మీద కడవ. నీళ్ళు పొర్లాయని మంట, మంట పెరిగిందని నీళ్ళు. కింద బట్టలు ఉడికిపోతన్నాయి, పై బట్టలకి ఆవిరే తగల్లా. గంగులు గట్టు మీంచి, "ఎడంపక్క ఆవిరి పోతంది, మూయండి!" అని అరుస్తంది. మూయడం ఎవరి పని? మంటా కాదు, నీళ్ళూ కాదు. మగోళ్ళు ఆడోళ్ళని చూశారు, ఆడోళ్ళు మగోళ్ళని చూశారు. అట్టా చూసుకుంటా ఉండగానే మాడు వాసన.

"గంగులూ! దిగవే... దిగరా... ఏదో ఒకటి, దిగు!" అని అప్పలసూరి గొంతు చించుకున్నాడంట.

బిడ్డ దిగింది. ఎడంపక్క తడిగోనె కప్పింది. గుట్టకి చెవి పెట్టి విని, ఇద్దరు మగోళ్ళని వెనక్కి పొమ్మంది, ఆడోళ్ళని కడవలు దించమంది. గంటలో పెళ్ళిబట్టలు తెల్లగా దిగాయంట, గుట్ట అడుగున వేసిన అప్పలసూరి తలపాగా ఒక్కటి తప్ప. అది అప్పటికే మాడింది. అప్పట్నించీ ఉబ్బ మీద పెత్తనం గంగులుది.

వారం తిరక్కుండా ఇంకో బిడ్డొచ్చి, "పెదనాన్నా, నేను మన్నూ నీళ్ళూ. బురదని" అంది. అప్పలసూరి రెండు చేతులూ అడ్డం పెట్టి, "చాకిరేవులో బురదా! ఎవర్నైనా రానిస్తా గానీ..." అన్నాడు. అన్నాడంట కాదు, అన్నాడు. ఆ బురద నా కడుపున పుట్టిందే. నేనే ముందుకెళ్ళి అడిగేశా, "బురదే లేకపోతే నీ రేవుకి బట్టలెవరేస్తారు బావా?" అని.

అప్పలసూరి పక్కకి జరిగాడు. కొంచెమే జరిగాడనుకో. మా బిడ్డలకి ఆ మాత్రం సందు ఇస్తే చాలు.