కిటికీలో రెండు గ్లాసులు

సాయంత్రం. ఒకప్పుడు జబ్బుమనిషి పడుకున్న గది. ఖాళీ మంచం, దాని పక్కనే నీళ్ళు నింపిన గాజుతొట్టి. భార్య పోయిన పెద్దాయన, ఆవిడ చెల్లెలు.

"ఫిబ్రవరి పదకొండు. ఆ పూట ఉప్పు లేని బార్లీ జావ తాగాం, మీ అక్కా నేనూ. మర్నాడు పొద్దున్నే మొదటి చేప తేలింది."

"బావగారూ, నేను చేపలు తెస్తే మీరు తేదీలు చెబుతారేంటి? ఈ సంచి ఎక్కడ పెట్టను? చెయ్యి లాగేస్తోంది."

"తొట్టిలో పెట్టు. విప్పకు, సంచితో సహా తేలనివ్వు. లోపలి నీళ్ళ వేడీ తొట్టి వేడీ ఒకటయ్యాకే వదలాలి."

"షాపాయనా అదే అన్నాడు. ఇదిగో, మేత కూడా తెచ్చాను. డబ్బా మీద బొమ్మ బావుందని..."

"ఏదీ, ఇలా ఇవ్వు. ఇది గోల్డ్ ఫిష్‌ది."

"చేపలదే కదా?"

"అన్ని చేపలూ ఒకటే తింటే ఇక బాధేముంది? గోల్డ్ ఫిష్ చల్లనీళ్ళది. దాని మేతలో పిండి ఎక్కువ. నువ్వు తెచ్చినవి గప్పీలు, వెచ్చటి నీళ్ళవి. వీటికి పురుగూ కావాలి, ఆకూ కావాలి. నోళ్ళు చూడు, పైకి తిరిగి ఉన్నాయా? అంటే నీళ్ళ మీద తేలేది తింటాయి. రేకుల్లాంటి మేత వేళ్ళ మధ్య నలిపి చిటికెడు వెయ్యాలి. అదిగో, ఆ మీసాలది. దాని నోరు కిందికుంది. దానికి అడుక్కి మునిగే బిళ్ళ వెయ్యాలి."

"అబ్బో! ఈ ఇంట్లో చేపక్కూడా పథ్యం తప్పదన్నమాట."

"వేళాకోళం కాదు. మీ అక్క పోయినప్పటినుంచీ ఇదే చదువుతున్నాను. ఎందుకో నీకు తెలుసుగా."

"మళ్ళీ మొదలెట్టారా?"

"మీ అక్క చేపల్ని నేనే చంపాననుకున్నాను కదా. తను మంచాన పడ్డాక మేత కొనే పని నాకొచ్చింది. సరిగ్గా ఇలాంటి డబ్బాయే తెచ్చాను, నీలాగే బొమ్మ చూసి. ఆ వారమే నీళ్ళు తెల్లబడ్డాయి. ఒక్కొక్కటే తేలాయి. ఒక్కోదాన్నీ పేరు పెట్టి పిలిచేది మీ అక్క."

"అయిపోయింది బావగారూ. ఇప్పుడెందుకు?"

"నన్ను ఒక్క మాట అనలేదు. 'పోనీలెండి, మీకేం తెలుసు' అంది. అంతే. ఎంత పెద్ద మనసు అనుకున్నాను. ఆ మాట తలుచుకునే రాత్రిళ్ళు కళ్ళు మూసుకుంటున్నాను, ఇన్నాళ్ళూ."

"అక్క అంతే కదా. సరే, ఈ సంచి ఇంకా ఎంతసేపు..."

"ఇలా రా. కిటికీ దగ్గరికి."

"ఎందుకూ?"

"రమ్మంటున్నాగా. ఈ రెండు గ్లాసులూ చూడు."

"ఇవేంటి? ఒకదాంట్లో నీళ్ళు, ఒకదాంట్లో పాలు."

"పాలు కాదు. చేపలు తెస్తానని నిన్న ఫోన్ చేశావు కదా. ఈసారి పొరపాటు చెయ్యకూడదని, మంచి మేత ఒక గ్లాసులో, అప్పట్లో నేను తెచ్చిన గోల్డ్ ఫిష్ మేత ఒక గ్లాసులో వేసి పెట్టాను. ఏది నీళ్ళు పాడుచేస్తుందో చూద్దామని."

"పాడుచేసింది గోల్డ్ ఫిష్‌దే అయ్యుంటుంది."

"అదే తమాషా. గోల్డ్ ఫిష్‌ది కాస్త రంగు మారింది, అంతే. తేటగా ఉంది. పాలలా అయింది మంచి మేత వేసిన గ్లాసు. పొద్దున్న చూసి నాకు మతిపోయింది. తర్వాత గుర్తొచ్చింది. రాత్రి జావ తాగుతూ వంగి చూస్తుంటే, చెంచాలోది కాస్త దీంట్లో ఒలికింది."

"మీరింకా ఆ జావే తాగుతున్నారా?"

"మాట మార్చకు. వాసన చూడు."

"వద్దులెండి."

"చూడమన్నాను."

"పులిసిన వాసన."

"అప్పుడు తొట్టిలోంచి వచ్చింది అచ్చం ఇదే."

"ఏదో పడి ఉంటుంది. పనిమనిషి గానీ..."

"పనిమనిషెవరు? గిన్నెలు తోమింది నేను, గది తుడిచింది నేను. ఇక్కడికి వచ్చేది నేనూ నువ్వూ."

"నన్నెందుకలా చూస్తారు? నేనేం పొయ్యలేదు."

"నువ్వు పోశావని నేననలేదే."

"సంచి విప్పెయ్యనా బావగారూ? పాపం, చిన్నప్రాణాలు..."

"అది తేలుతుందిలే. ముందు చెప్పు."

"ఏం చెప్పను? అక్కకి ఆ జావ దిగేది కాదు. ఉప్పు లేదాయె, పులుపు లేదాయె. గోడకి కొట్టే సున్నం తాగుతున్నట్టుందే అనేది."

"మరి ఏం తిని ఉంది అన్నాళ్ళు?"

"పోనివ్వండి బావగారూ."

"అడుగుతున్నాను."

"నేను తెచ్చింది."

"నువ్వేం తెచ్చేదానివి? నువ్వొచ్చి తలకి బామ్ రాసేదానివి."

"బామ్ రాసింది తిండి వాసన మీకు తెలియకూడదని. మీరు స్నానానికి వెళ్ళేది నేనొచ్చినప్పుడే కదా. ఆ కాసేపట్లో తినేది. ఉల్లిపాయ వేసిన ఆమ్లెట్టు. వేయించిన బంగాళదుంప. ఒక్కోసారి చేపముక్కలు."

"చేపముక్కలా? ఈ తొట్టి ఎదురుగానా?"

"గోడవైపు తిరిగి తినేది."

"నవ్వకు."

"నవ్వట్లేదు. ఏడుపు ఆపుకుంటున్నాను."

"ఉప్పు వేసేదానివా?"

"వేసేదాన్ని."

"నేను ఉప్పు మానేశాను. తనకి లేనిది నాకెందుకని. ఇదే మంచం మీద, తన పక్కనే కూర్చుని గిన్నె నాకి మరీ చూపించేవాణ్ణి, 'ఎంత బావుందో చూడు' అని. మీరిద్దరూ ఎన్నిసార్లు నవ్వుకున్నారు?"

"ఒక్కసారి. మీరు గిన్నె నాకిన సంగతి అక్క చెబితే. ఇద్దరం పడీపడీ నవ్వాం. ఆ తర్వాత అక్క ఏడుపు ఆపడం నావల్ల కాలేదు."

"ఆ జావ పారబొయ్యాలంటే మీ అక్కకి సింకు లేదా? నోరులేని వాటి మీదా?"

"సింకు దగ్గర మీరు. బాత్రూమ్‌కి లేస్తే చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళేది మీరు. దోమలొస్తాయని కిటికీకి జాలీ కొట్టించింది మీరు. మీ గిన్నె తెచ్చుకోడానికి వంటింట్లోకి వెళ్ళి వస్తారే, ఆ కాస్తలో మంచం మీంచి చెయ్యి చాపితే అందేది ఈ తొట్టొక్కటే. అక్క చూస్తూ పడుకుంటుందని దాన్ని పక్కన పెట్టిందీ మీరే."

"అన్నీ నేనే."

"మిమ్మల్ని అనడం లేదు. ఇంత జావకి ఏమవుతుందిలే అనుకుంది. తెలిసేసరికి ఆలస్యమైపోయింది. ఎర్రతోకది పోయిన రోజు నేను తెచ్చిన తిండి డబ్బా కూడా ముట్టుకోలేదు."

"జావ వద్దని నాతో చెబితే పోయేది కదా. నేనేమన్నా పులినా?"

"పులయితే చెప్పేసేది. మీ మొహం చూస్తే నోరు రాలేదంది."

"నా చేతులతో చంపానని నేను ఏడుస్తుంటే, తల నిమిరి 'పోనీలెండి' అంది. నన్ను క్షమించిందనుకున్నాను. తన చేత్తో తనే పోసి నన్ను క్షమించడమేంటి అమ్మాయ్? తను పోయాక నాకంటూ మిగిలింది ఆ ఒక్క మాట. ఇప్పుడు అదీ నాది కాదన్నమాట."

"అలా అనకండి."

"నువ్వు మాత్రం? వారం వారం వస్తావు. ఈ తొట్టి పక్కన కూర్చుని నేను అదే పాట పాడుతుంటే తల ఊపుతావు. ఒక్కసారి చెప్పాలనిపించలేదా?"

"ఎన్నోసార్లు. అందుకే ఈ చేపలు తెచ్చాను, చెప్పలేక. పథ్యం తప్పించి అక్కని నేనే పొట్టన పెట్టుకున్నానంటారేమోనని భయం."

"ఆ మాట నేనననమ్మా."

"డాక్టరే అన్నాడు బావగారూ. అక్క నిలదీసి అడిగితే, ఇక పథ్యంతో పనిలేదు, ఇష్టమైంది తినండి అన్నాడు. మీకు చెప్పొద్దని అక్క నాతో ఒట్టు వేయించుకుంది. 'ఆయన్ని జావ కాచుకోనీవే. గరిటె తిప్పుతున్నంతసేపూ నేను లేచి తిరుగుతానని ఆయన నమ్మకం. అది కూడా లాగేసుకుంటే మనిషి కూలబడిపోతారు' అంది."

"ఊఁ."

"తిట్టండి. ఏదో ఒకటి అనండి."

"సంచి విప్పు. ఇదిగో చిన్న వల. ఆ నీళ్ళు తొట్టిలో పడనివ్వకు."

"వెళ్ళాయి, వెళ్ళాయి. చూడండి, మీసాలది తిన్నగా అడుక్కే పోయింది. ఇంత మేత వెయ్యనా?"

"ఇవాళ వద్దు. కొత్త చోట ఆకలుండదు. వేస్తే నీళ్ళు పాడవడం తప్ప ఏం లేదు. రేపు నేను వేస్తాలే, ఆ రేకుల మేత."

"అయితే నేనింక బయల్దేరనా?"

"నీ చేతిసంచిలో తిండి డబ్బా ఉందా?"

"ఉంది. వచ్చినప్పుడల్లా తెస్తూనే ఉన్నాను. మీరే మూత కూడా తియ్యకుండా తిప్పి పంపుతారు."

"ఉప్పు వేశావా?"

"వేశాను."

"అక్కడ పెట్టు."

"బావగారూ, నిజం చెప్పండి. కోపం నా మీదా, అక్క మీదా?"

"డాక్టరు నాకు అంతకుముందే చెప్పాడమ్మా. ఆసుపత్రి నడవలో పక్కకి పిలిచి, ఇదే మాట. ఇష్టమైంది పెట్టండి అని."

"మీకు తెలుసా? తెలిసీ... మరి ఆ జావ ఎందుకు కాచారు?"

"పథ్యం మానేస్తే, తనకి తెలిసిపోతుందని. నువ్వు జాగ్రత్తగా వెళ్ళు. ఈ గది తలుపు నేను వేస్తాను, చప్పుడు కాకుండా. కొత్త చేపలు, బెదురుతాయి."