దారి చీలిన చోట కొమ్మ

నాలుగేళ్లు విశాఖలో పనిచేసి కొండ మీది ఊరికి తిరిగొచ్చినవాడు, వానకి తడిసిన చొక్కా పొయ్యి పక్కన ఆరేసుకుని కూర్చున్నాడు. వదిన అంబలి గిన్నె తెచ్చి ముందు పెట్టింది గానీ, ఎప్పటిలా నవ్వలేదు.

“పుట్టగొడుగులు దొరికాయా?”

“లేదొదినా. ఎళ్ళగానే వాన పట్టుకుంది.”

“ఒక్కడివే ఎళ్ళిపోడమేటి?”

“పుట్టి పెరిగిన అడవే గదా. అయినా దారి చీలిన కాడ పచ్చికొమ్మ ఇరిసి, గెడ్డ ఏపు తిప్పి పెట్టాను. ఎటెళ్ళానో ఎనకొచ్చినోళ్ళకి తెలియాలని. మన పద్ధతి నేనేం మర్సిపోలేదు.”

“వచ్చీటప్పుడు తీసీసావా?”

గిన్నె అతని నోటిదాకా వచ్చి ఆగింది.

“లేదు. గెడ్డలో నీళ్ళు పొంగిపోతంటే పైనించి చుట్టు తిరిగి, రోడ్డెక్కి జీపులో వచ్చీసాను.”

“నువ్వెంతకీ రాలేదని మీ అన్న ఎతకడానికి ఎళ్ళాడు.”

“ఎప్పుడు?”

“నువ్వు జీపు దిగక ముందే. కొమ్మ ఉందంటే మనిషింకా అటే ఉన్నాడని గదా లెక్క. నువ్వు కనపడకపోతే ఆ గెడ్డలోకైనా దిగుతాడు.”

అతను లేచి తడిచొక్కా అందుకున్నాడు.

“నేనెళ్ళి తీసుకొస్తాను.”

“మళ్ళీ ఒక్కడివేనా?”

అతను గుమ్మంలోంచి వెనక్కి తిరిగాడు.

“నలుగుర్ని కేకెయ్యి. తాడూ, టార్చిలైట్లూ పట్టుకోండి. దారిలో ఆ కొమ్మ కనపడితే తియ్యకు.”

“ఎందుకొదినా?”

“అదిప్పుడు మీ అన్నది.”